రెండు బంతులు



తెలుగున బంతి యను మాటకు పెక్కు అర్థములు గలవు. పిల్లలు ఆడుకొనునది ఒక బంతి. పెండ్లిండ్లలో విస్తళ్లు పరచి జనులను వరుసగా కూర్చుండబెట్టునది మరియొక బంతి. ఇది పంక్తి శబ్దము నుండి వచ్చినది. నేడు ఈ ద్వారమునకు కట్టిన తోరణములోనిది మూడవ బంతి. దానిని తోరణమునకే విడిచిపెట్టవచ్చును. ఈ ప్రసంగము మొదటి రెండింటిని గూర్చినది. ఆడెడి బంతిని చూచుటకై నిలువవలసిన బంతిని గూర్చినది.

గ్రంథాలయ రజతోత్సవమున టెన్నిసాటతో పనియేమని కొందరు సందేహింపవచ్చును. సందేహము తీరుటకు దూరము పోనక్కరలేదు. లోపలి గదిలో, పత్రికల బల్లపై, ఎర్ర బైండు వేసిన లెక్కల పుస్తకమొకటి యున్నది. దాని పేరు వంతుల పుస్తకము. ఎవరికైనను ఒక గ్రంథము కావలసి, అది అప్పటికే మరియొకరి యొద్ద నున్నచో, వారు ఈ పుస్తకములో పేరు వ్రాసి తమ వంతు కొరకు వేచియుండవలెను. పోటీ పరీక్షల పుస్తకములకు ఒక్కొక్కప్పుడు పదునైదు పేర్లు ఒకదాని క్రింద నొకటి నిలిచియుండును. సర్పంచి కుమారుడైనను, బత్తాయి తోటలో కూలికి పోవు తల్లి కుమార్తె యైనను, పేరు వ్రాసిన చోటనే యుందురు. ఆ వరుసను దాటి పుస్తకమును తీసికొనిపోయినవారు నేటివరకు లేరు.

ఆ పుస్తకపు మొదటి పుటలో మొదటి తేదీ 14-2-2005. ఆ దినము సోమవారము. అంతకు రెండు దినములు ముందు, శనివారమునాడు, హైదరాబాదు ఫతే మైదానమున జరిగిన యొక టెన్నిసాట నుండియే ఈ పుస్తకము పుట్టినది. ఆ సంగతి పది సంవత్సరములు ఒక్కని మనస్సులోనే యుండి, తరువాత బయటపడినది.

ఈ ప్రాంతమువారికి వరుసలో నిలుచుట క్రొత్త గాదు. 1960 దశకమున రామచంద్రాపురములో భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వెలసెను. 1970 దశకము నుండి పటాన్‌చెరువు చుట్టును జొన్నచేలున్నచోట షెడ్లు లేచెను. మందుల కర్మాగారములు, ఇనుప గొట్టములవి, రంగులవి, ఒకదాని ప్రక్కన నొకటి వచ్చెను. నాటినుండి ప్రొద్దున్నే ఒక బారు జనము గేటు లోనికి పోవును. ఒక బారు నిద్రకన్నులతో బయటికి వచ్చును. హాజరు వేయుటకు వరుస, క్యాంటీనులో వరుస, సంగారెడ్డి బస్సునకు వరుస. ఇంటికి వచ్చినచో రేషను దుకాణము వద్ద వరుస. యూరియా కరవైన యేడు సొసైటీ ముందు మనుష్యులకు బదులుగా చెప్పులు, రాళ్లు, పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు వరుస కట్టుట అందరును చూచినదే. నిలుచుట తెలిసిన ప్రాంతమిది. కాని నిలుచుట వేరు, వరుసను నిలుపుట వేరు.

ఇక ఆట సంగతి. 2003 నుండి 2005 వరకు మూడు సంవత్సరములు హైదరాబాదులో మహిళల అంతర్జాతీయ టెన్నిసు పోటీ జరిగినది. 2006లో అది బెంగుళూరునకు తరలిపోయెను. ఆటస్థలము ఫతే మైదానపు టెన్నిసు ప్రాంగణము. 1687లో గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించిన ఔరంగజేబు సేనలు విడిసిన మైదానము గనుక దానికి విజయమును సూచించు ఆ పేరు వచ్చెనందురు. అక్కడి క్రీడాస్థలమునకు 1967లో లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి.

హైదరాబాదున పెరిగిన సానియా మిర్జాకు 2005 ఫిబ్రవరి నాటికి పద్దెనిమిది యేండ్లు. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్సు టైటిలును రష్యా బాలిక అలీసా క్లేబనోవాతో కలిసి గెలిచెను. 2004లో ఈ హైదరాబాదు పోటీలోనే లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్సు గెలిచెను. 2005 జనవరిలో ఆస్ట్రేలియా పోటీలో మూడవ రౌండు వరకు పోయి, అక్కడ సెరెనా విలియమ్స్ చేతిలో ఓడెను. ఓడినను ఆమె పేరు పల్లెలలోనికి వచ్చినది. ఈ గ్రంథాలయమున దినపత్రికలోని ఆటల పుటకు అంతవరకు పోటీ లేకుండెను. ఆ నెలలో దానిని నలుగురు నాలుగు మూలల పట్టుకొని చదివిరి.

ఆ చదువువారిలో పటాన్‌చెరువు గొట్టముల కర్మాగారమున రాత్రి షిఫ్టు చేయు కార్మికుడొకడుండెను. ఆయన పేరు చెప్పవలదని ఆయన కోరిక. సభలో తెలియనివారును లేరు. ఆయన కుమార్తె అప్పుడు ఏడవ తరగతి. తండ్రి కర్మాగారమునుండి తెచ్చిన చెక్కపలకను బ్యాటుగా జేసికొని, గ్రంథాలయము వెనుక గోడకు బంతిని కొట్టుచుండెడిది. గోడ సున్నముపై ఆ గుండ్రని మచ్చలు చాలకాలముండెను. సానియా అంతిమ పోటీకి చేరెనని తెలిసిన రాత్రి ఆ బాలిక తండ్రిని అడిగినది ఒక్కటే: "నాయినా, ఒక్కసారి చూపిస్తవా?"

తండ్రి శనివారము ఉదయము షిఫ్టు ముగించుకొని, కన్ను మూయకయే, కుమార్తెను వెంటబెట్టుకొని బయలుదేరెను. లింగంపల్లి వరకు బస్సు. అచ్చటినుండి 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైలు, నాంపల్లిలో దిగి నడక. వారు చేరుసరికి టికెట్ల కిటికీ ముందు వరుస గోడవెంట మలుపు తిరిగియుండెను. దాని కొనను పోయి నిలిచిరి.

వారి వెనుక ఒక వృద్ధుడు తన మనుమనితో వచ్చి నిలిచెను. ఉర్దూ కలిసిన తెలుగు మాటలాడుచుండెను. మూడు గంటలు ఆ నలుగురును ఒకచోట నిలిచిరి. మూడు గంటలు కలిసి ఎండలో నిలిచినవారు పరాయివారు గారు. వీరు తెచ్చిన జొన్నరొట్టె వారు తినిరి. వారి పల్లీలు వీరు తినిరి. మనుమడును బాలికయు ఆటలోని లెక్కలను గూర్చి వాదించుకొనిరి. పాయింట్లు 15, 30, 40 అని యెట్లు నడచును, ఆరు గేములు గెలిచినను రెండు గేముల తేడా లేనిదే సెట్టు ఎందుకు ముగియదు, ఇత్యాదులు. బాలికకు దాహమైనప్పుడు తండ్రి వరుస విడిచి పోవుటకు సంకోచింపగా, వృద్ధుడు "ఫికర్ చెయ్యకుండ్రి. మీ జాగ మేము చూస్తం" అనెను. వారు నీళ్లు త్రాగి తిరిగివచ్చుసరికి, చెప్పినట్లే, ఆ స్థలము ఇద్దరు మనుష్యులంత ఖాళీగా నుండెను.

వరుస సగము కరగిన తరువాత, కిటికీకి నలుగురి దూరమున నున్న ఒకడు వెనుకకు తిరిగి చూచెను. ఒకప్పుడు అదే షెడ్డులో పనిచేసినవాడు. చేయి ఊపి, "అన్నా, ఇటు రా! పైసలియ్యి, మీవి గూడ తీస్త" అని పిలిచెను. తండ్రి కుమార్తె ముఖమును చూచెను. రాత్రియంతయు నిద్రలేదు. టికెట్లు అయిపోవుచున్నవని ముందునుండి మాట వచ్చుచుండెను. వెనుకనున్న వృద్ధునితో "ఇప్పుడే వస్తం" అని చెప్పి, కుమార్తె చేయి పట్టుకొని ముందుకు పోయెను. టికెట్లు చేతికి వచ్చెను. ద్వారము వైపు నడచుచుండగా కిటికీ మూసిరి. టికెట్లు అయిపోయినవి. వరుసలో ఇంకను చాలమంది యుండిరి.

తండ్రి ఒక్కసారి తిరిగి చూచెను. వృద్ధుడు ఇంకను అక్కడనే నిలిచియుండెను. తన ముందు ఇద్దరు మనుష్యులంత స్థలమును ఖాళీగా నుంచి, వీరు దారి తప్పిరనుకొని, ఇక్కడ అని చేతితో చూపుచుండెను. తండ్రి ముఖము త్రిప్పుకొని లోనికి పోయెను.

లోపల జరిగినది అందరికిని తెలిసినదే. ఉక్రెయిన్ దేశపు అలియోనా బొండారెంకోపై సానియా మొదటి సెట్టు 6-4తో గెలిచి, రెండవది 5-7తో పోగొట్టుకొని, మూడవది 6-3తో గెలిచెను. మహిళల అంతర్జాతీయ టూరులో సింగిల్సు టైటిలు గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. రెండవ సెట్టు చేజారినప్పుడు జనము ఊపిరి బిగబట్టెను. చివరి పాయింటునకు లేచి కేకలు వేసెను. బాలికయు బల్ల మీదికెక్కి అరచెను. ఆ కేకలు తగ్గిన పిమ్మట ఆమె చుట్టును వెదకి చూచి, "నాయినా, తాతవాళ్లు ఏ దిక్కు కూసున్నరు?" అని యడిగెను. తండ్రి సమాధానము చెప్పలేదు. బాలిక మరల అడుగలేదు. పండ్రెండేండ్ల పిల్లకు మౌనమును చదువుట తెలియును.

ఇక్కడ లెక్క సరిగా వేయవలెను. తండ్రి తన వంతున నిలిచియుండిన యెడల ఆయనకు టికెట్లు దొరికెడివి కావు. వృద్ధునికిని దొరికెడివి కావు. ఆ రెండు టికెట్లు వారికంటె ముందున్న మరి యిద్దరివి. వారెవరో తండ్రికి తెలియదు, వారికిని తమ సొమ్ము పోయినట్లు తెలియదు. వరుస తప్పుటలోని చిక్కు ఇదియే. దొంగతనమున పోగొట్టుకొన్నవాడు మొరపెట్టుకొనును. ఇందు పోగొట్టుకొన్నవాడు కిటికీ మూసినప్పుడు తన అదృష్టమును నిందించుకొని ఇంటికి పోవును. ఇక వృద్ధునికి పోయినది టికెట్టు గాదు. ఆయన కాపాడిన జాగ.

సోమవారమునాడు తండ్రి పటాన్‌చెరువు బజారులో ఒక లెక్కల పుస్తకము కొని గ్రంథాలయమునకు తెచ్చెను. అంతవరకు పుస్తకములు ఎట్లు చేతులు మారుచుండెనో పెద్దలకు జ్ఞాపకమున్నది. తాళపుచెవి యున్నవారికి తెలిసినవారికి మొదట, వారికి తెలిసినవారికి తరువాత. వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను నష్టము లేదను సామెత ఇచ్చటను నడచెను. తండ్రి ఆ పుస్తకపు మొదటి పుటలో మూడు నియమములు వ్రాసెను. ఎవరి పేరు వారే వ్రాయవలెను. ఒకరి కొరకు మరియొకరు వ్రాయరాదు. వంతు వచ్చిన మూడు దినములలో రానిచో పుస్తకము తరువాతివారిది. కారణమడిగినవారికి ఊరక నవ్వెను. ఆ వేళ ఒక నిఘంటువు కొరకు ముగ్గురు వేచియుండిరి. ఆయన తన కుమార్తెను తీసికొనివచ్చి, నాలుగవ పేరుగా వ్రాయించెను.

ఈ విషయమున పురాణమునందు ఒక కథ కలదు. క్షీరసాగరమును మథించిన పిమ్మట అమృతము పంచుటకు దేవతలను ఒక బంతిగను, అసురులను ఒక బంతిగను కూర్చుండబెట్టిరి. వడ్డించునది మోహిని. అసురుల బంతినుండి రాహువు లేచివచ్చి, వేషము మార్చి, సూర్యచంద్రుల నడుమ కూర్చుండెను. అమృతము గొంతు దిగకముందే సూర్యచంద్రులు గుర్తుపట్టి చెప్పిరి; చక్రము అతని తల నరికెను. బంతి మారినవానికి శిక్ష పడెనని పౌరాణికులు చెప్పుదురు, నిజమే. కాని కథను మరియొకమారు చదివినచో, తమ బంతిలో కదలక మెదలక, వడ్డించునామెను నమ్మి, తమ వంతు వచ్చునని కూర్చున్న తక్కిన అసురులకు ఒక్క చుక్కయు దక్కలేదు. దైవకార్యమున దానికి వేరు న్యాయముండవచ్చును. గ్రామ కార్యమున లేదు. వరుస నిలుచుటకు ఇద్దరు కావలెను: దాటని మనుష్యుడును, దాటనీయని వడ్డనయు. పంక్తిభేదము పాపమని పెద్దలు భోజనమును గూర్చి చెప్పిన మాట పుస్తకములకును, టికెట్లకును, యూరియా బస్తాలకును చెల్లును.

అందరికిని చాలని వస్తువును పంచుటకు లోకమున మూడు మార్గములు గలవు. ఒకటి వేలము: ఎక్కువ ఇచ్చినవానికి. చెరువులోని చేపలను అట్లు పాడుదురు. రెండవది చీటి: అదృష్టము వచ్చినవానికి. ఇండ్ల స్థలములకు, ఇండ్లకు చీట్లు తీయుదురు. మూడవది వంతు: ముందు వచ్చి నిలిచినవానికి, లేక క్రమము వచ్చినవానికి. చెరువు తూము నీరు అట్లు పారును. నీరటికాడు ఎవరి మడి తరువాత ఎవరి మడియో చూచి మడవ త్రిప్పును. వేలమున సొమ్ము మాటలాడును, చీటీలో విధి మాటలాడును. వంతునందు మాత్రమే మనుష్యుడు తన కాలమును, తన కాళ్లను పెట్టుబడి పెట్టును. కూలివాని యొద్దను ధనవంతుని యొద్దను సమానముగా నున్నది దినమునకు 24 గంటలే గనుక, మూడింటిలో బీదవానికి అందుబాటులో నున్నది అదియే. అందుచేతనే దానిని దొంగిలించుట పెద్ద తప్పు.

ఈ మూడు మార్గములును ఒక్కచోటనే నడచు స్థలము లండను నగరమున నున్నది. అది వింబుల్డన్. ఆ సంగతి ఈ గ్రామమునకు పుస్తకముల వలన తెలియలేదు. గోడకు బంతి కొట్టిన ఆ బాలికయే పెరిగి, ఇంజనీరింగు చదివి, 2014లో పై చదువునకు లండను పోయి, అక్కడి వరుసలో నిలిచి వ్రాయగా తెలిసినది.

వింబుల్డన్ పోటీ 1877లో మొదలైనది. ఆ మొదటి యేట 22 మంది ఆటగాండ్రు మాత్రమే పేర్లిచ్చిరి. అంతిమ పోటీని ఇంచుమించు 200 మంది, తలకొక షిల్లింగు ఇచ్చి చూచిరి. 1922లో పోటీ ఇప్పటి చర్చి రోడ్డు స్థలమునకు మారెను. ఆ స్థలపు నిర్మాణమునకై 1920 నుండి డిబెంచర్లను పత్రములు అమ్మిరి. పెద్ద మొత్తమునకు వాటిని కొన్నవారికి సెంటరు కోర్టులో ఆసనముండును. ఇది వేలము వంటిది. 1924 నుండి దరఖాస్తులు తీసికొని చీట్లు తీయుచున్నారు. చీటి వచ్చినవానికి ఏ దినము, ఏ కోర్టు అని కోరుకొనుటకు లేదు. ఇది రెండవ మార్గము. మూడవది వరుస. పోటీ జరుగు దినములలో ప్రతి దినమును ఆ దినపు టికెట్లు కొన్ని వరుసలో నిలిచినవారికే అమ్ముదురు. మూడు పెద్ద కోర్టులకు ఒక్కొక్కదానికి ఇంచుమించు 500 చొప్పున టికెట్లుండును. చివరి నాలుగు దినములు మాత్రము సెంటరు కోర్టునకు అట్లు అమ్మరు. మిగిలినవారికి ప్రాంగణములోనికి పోవు టికెట్లు. వాటితో చిన్న కోర్టులలో ఖాళీ యున్నచోట కూర్చుండవచ్చును.

ఆ వరుస నిలుచునది ఎదుటి పార్కులో, పచ్చిక మీద. పెద్ద కోర్టుల టికెట్లు కోరువారు ముందు రాత్రియే గుడారములు వేసికొని పండుకొందురు. ఇద్దరు పట్టు గుడారము కంటె పెద్దది వేయరాదు. వచ్చినవెంటనే కార్యకర్తలు తేదీయు సంఖ్యయు నున్న చీటి యొకటి చేతికిత్తురు. ఆ సంఖ్యయే వారి స్థానము. మరియొకరి కొరకు స్థానము పట్టియుంచరాదు. అవసరమునకు పోయినవారు అరగంటలో తిరిగి రావలెను. తెల్లవారగనే అందరిని లేపి, గుడారములు విప్పించి, దగ్గరగా జరుపుదురు. పెద్ద కోర్టుల టికెట్లు దొరకు సంఖ్యవరకు మణికట్టునకు పట్టీలు కట్టుదురు. వెనుకనున్నవారికి, దొరకనిదానికై ఊరక నిలువకుండ, ఉన్న సంగతి చెప్పుదురు. చెప్పులును రాళ్లును అక్కడ చెల్లవు. మనుష్యుడే నిలువవలెను.

ఆమె పోయినది 2015 జూలై 11, శనివారము. ఆనాడు మహిళల సింగిల్సు అంతిమ పోటీ. ఆ తరువాత పురుషుల డబుల్సు. చివర మహిళల డబుల్సు. ఆ డబుల్సులో సానియా మిర్జా, మార్టినా హింగిస్ ఒక ప్రక్కను, రష్యా దేశపు మకరోవా, వెస్నినా రెండవ ప్రక్కను. ఆమె ప్రాంగణపు టికెట్టు సంపాదించి లోనికి పోయెను. అక్కడ ఇంకొక ఏర్పాటున్నది. పెద్ద కోర్టులలో ఆట చూచి ముందుగా వెడలిపోవువారు తమ టికెట్లను తిరిగి ఇచ్చిపోవుదురు. వాటిని లోపలనున్నవారికి తక్కువ వెలకు మరల అమ్మి, వచ్చిన సొమ్మును ధర్మకార్యములకు వినియోగింతురు. దానికిని వేరొక వరుస. ఆమె అందు నిలిచెను.

తరువాత జరిగినదానిని ఆమె తండ్రికి ఫోనులో వ్రాసి పంపెను. తండ్రి దానిని కాగితముపై తన దస్తూరీతో ఎక్కించుకొని దాచెను. ఆ కాగితము ఇప్పుడు వంతుల పుస్తకపు వెనుక అట్టలో నున్నది. అందులోని మాటలివి:

"నాయినా, నా ముందు చానమంది ఉన్నరు. లైనుల ముందట మన తెలుగోళ్లు కొందరున్నరు. నన్ను చూసి, చెల్లే, మాతోని వచ్చి నిలబడు, ఎవరేమంటరు అన్నరు. పోబుద్ధయింది. సానియా ఆడుతుంటే అంత దూరంకెల్లి వచ్చి చూడకపోతె ఎట్ల అనిపించింది. కని నా ఎనుక ఒక ముసలామె నిలబడ్డది. నాకు ఫతే మైదానం తాత యాదికొచ్చిండు. వద్దన్న, ఈడనే ఉంట అన్న. టికెట్లు నాదాక రాలేదు. బయట గుట్ట మీద గడ్డిల కూసొని పెద్ద తెర మీద చూసిన. ఆ ముసలామె గూడ పక్కకే కూసున్నది. లోపలికి పోలేదని బాధ లేదు నాయినా. అప్పుడు తాత నిలబడ్డ జాగల ఈసారి నేను నిలబడ్డ, అంతే."

తెర మీద ఆమె చూచిన ఆట మరువరానిది. మొదటి సెట్టు సానియా, హింగిస్ 5-7తో ఓడిరి. రెండవది టైబ్రేకులో గెలిచిరి. మూడవ సెట్టులో 2-5తో వెనుకబడి, 5-5కు వచ్చిరి. చీకటి పడుటచే ఆట నాపి, 2009లో ఆ కోర్టునకు అమర్చిన పై కప్పును మూసి, దీపములు వెలిగించిరి. పిమ్మట 7-5తో గెలిచిరి. వింబుల్డన్ మహిళల డబుల్సు టైటిలు ఒక భారతీయురాలికి దక్కుట అదియే మొదలు. టెన్నిసులో ఒక సదాచారమున్నది. ఆట మొదలుపెట్టు దెబ్బను సర్వీసు అందురు. వడ్డనకును ఇంగ్లీషువారిది అదే మాట. ఎంత గొప్ప ఆటగత్తె యైనను ఒక గేమున సర్వీసు చేసినచో, మరుసటి గేమున దానిని ఎదుటివారికి ఇచ్చి తీరవలెను. వంతు లేనిదే ఆ ఆటయే లేదు.

ఆ సందేశము చదివిన వారమే తండ్రి కార్యవర్గ సమావేశములో లేచి, పది సంవత్సరములు దాచిన సంగతిని మొదటినుండి చివరివరకు చెప్పెను. కుమార్తె యెరుగదని తాననుకొన్న దానిని ఆమె అంతకాలము మోసియుండెనని ఆయనకు అప్పుడే తెలిసినది. సభ్యులెవరును ఏమియు అనలేదు. ఒక పెద్ద మాత్రము, ఆ పుస్తకమునకు వెనుక ఇంత బరువున్నదా యని, దానిని చేత పట్టుకొని చూచి, మరల బల్లపై పెట్టెను.

2023 మార్చి 5న సానియా తన వీడ్కోలు ఆటలను అదే ఫతే మైదానపు ప్రాంగణములో ఆడెను. తండ్రి పోయెను. ద్వారము వద్ద వరుసలో తన వంతువరకు నిలిచి లోనికి పోయెను. ఆట నడుచుచుండగా ఆయన చూపు తరచుగా ప్రేక్షకుల వైపు తిరిగినది. ఆ వృద్ధుడు బ్రతికియున్న యెడల ఎనుబది దాటియుండును. మనుమడు ముప్పదికి చేరియుండును. కనిపించినను గుర్తుపట్టుట కష్టము. ఐనను చూచెను.

నేడు టికెట్ల వరుసలు చాలవరకు ఫోనుల లోపలికి పోయినవి. బొత్తాము నొక్కిన క్షణముననే అయిపోయినవను సమాధానము వచ్చును. ముందెవరున్నారో, ఎవరు దాటిరో కనబడదు. అట్టి కాలమున కంటికి కనబడు వరుస ఒక విద్య వంటిది. వెనుకనున్న ముఖమును చూచుచు నిలుచుట పిల్లలకు ఎక్కడనో యొకచోట అలవడవలెను. ఈ గ్రామమున ఆ చోటు పత్రికల బల్ల.

వంతుల పుస్తకము ఇప్పటికి నాలుగవది నడచుచున్నది. మూడు నియమములును ప్రతి పుస్తకపు మొదటి పుటలోను మరల వ్రాయబడినవి. నిన్నటివరకు అందు చివరి పేరు ఒక ఐదవ తరగతి బాలునిది. వాడు కోరినది ఆటలను గూర్చిన బొమ్మల పుస్తకము. వానికి ముందు ఆరుగురున్నారు. వాని వంతు వచ్చునాటికి ఆ పుస్తకము వాని చేతికి చేరునట్లు చూచుట ఈ సభలోని పెద్దలందరి బాధ్యత. వచ్చు 25 సంవత్సరములును ఈ గ్రంథాలయమున కడబంతివానికిని విస్తరి నిండుగాక యని కోరుచు, ఈ ప్రసంగము ముగింపబడుచున్నది.